మతాన్ని బట్టి రెండో పాన్ కార్డు

సంపన్నుల మీద పన్ను పెంచాలా వద్దా అన్న వాదన మన దగ్గర బడ్జెట్ రోజుల్లో లేచి, వారం తిరిగేసరికి చల్లారిపోతుంది. పాలనలో మతానికి ఎంత చోటుండాలన్న వాదన మాత్రం ఏడాది పొడవునా సాగుతూనే ఉంటుంది. ఈ రెండూ ఒకేచోట కలిసే అంశం ఆదాయపు పన్ను చట్టంలోనే ఉన్నా, దాని గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు తక్కువ. అది హిందూ అవిభక్త కుటుంబం. ఆడిటర్ల దగ్గర వినపడే మాటలో హెచ్‌యూఎఫ్.

పన్ను చట్టం ఈ కుటుంబాన్ని ఒక ప్రత్యేక వ్యక్తిగా చూస్తుంది. దానికి సొంత పాన్ కార్డు, సొంత డీమ్యాట్ ఖాతా, సొంత రిటర్ను, సొంత శ్లాబులు ఉంటాయి. కుటుంబ పెద్ద ‘కర్త’ హోదాలో సంతకం పెడతాడు. ఈ వెసులుబాటు హిందువులకు, జైనులకు, సిక్కులకు, బౌద్ధులకు ఉంది. ముస్లింలు, క్రైస్తవులు, పార్సీలు మూడు తరాలు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని బతికినా వాళ్లకు లేదు.

లెక్క వేసి చూద్దాం. విజయవాడలో ఏటా 30 లక్షల జీతం ఉన్న ఒకాయనకు నెలకు 60 వేలు అద్దె వచ్చే షాపు ఉందనుకోండి. ఏడాదికి 7.20 లక్షలు. మరమ్మతుల కింద చట్టం ఇచ్చే 30 శాతం మినహాయిస్తే 5.04 లక్షలు మిగులుతాయి. అది ఆయన సొంత ఆదాయమైతే 30 శాతం శ్లాబులో పడి, సెస్సుతో కలిపి 1,57,248 రూపాయల పన్ను కట్టాలి. అదే షాపును తాత వీలునామాలో అవిభక్త కుటుంబం పేరిట రాసి ఉంటే, 2025 బడ్జెట్ ఇచ్చిన కొత్త శ్లాబుల ప్రకారం మొదటి 4 లక్షలకు పన్ను లేదు, మిగతాదానికి 5 శాతం. సెస్సుతో కలిపి 5,408 రూపాయలతో సరి. పక్క షాపు యజమాని ముస్లిం అయితే, జీతం, అద్దె అంతే ఉన్నా ఆయనకు ఈ దారి లేదు.

ఇది మతవివక్ష అని చెప్పి ఆగిపోతే సగమే చెప్పినట్టు. ఆ షాపులో పనిచేసే హిందూ గుమాస్తాకు ఈ చట్టం వల్ల ఒక్క రూపాయి కలిసిరాదు. జీతాన్ని అవిభక్త కుటుంబం ఖాతాలో చూపడం కుదరదు. అద్దెలు, షేర్లు, పిత్రార్జితం ఉన్నవాడికే ఇది అక్కరకొస్తుంది. మతం పేరు మీద ఉన్న ఈ రాయితీని అనుభవించేది ఆ మతంలోని ఆస్తిపరులే. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది.

దీని మూలం మితాక్షరలో ఉంది. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానమది. 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు. పుట్టుకతోనే కొడుక్కి ఆస్తిలో వాటా అన్న ఆ సూత్రాన్ని బ్రిటిష్ పాలకులు పన్ను చట్టంలోకి తీసుకున్నారు. దాన్ని తొలగించాలని అంబేడ్కర్ హిందూ కోడ్ బిల్లులో ప్రతిపాదించారు. 1956 నాటి వారసత్వ చట్టం దాన్ని అలాగే ఉంచింది.

అయితే అది కదలని ధర్మమేమీ కాదని మన శాసనసభే రుజువు చేసింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. దేశమంతా ఆ దారికి రావడానికి 2005 దాకా పట్టింది. కేరళ మరో అడుగు ముందుకేసి 1975 చట్టంతో హిందూ ఉమ్మడి కుటుంబ వ్యవస్థనే రద్దు చేసింది. అక్కడి హిందువుల గుడికి గానీ, పండుగకు గానీ, ఆచారానికి గానీ దానివల్ల వచ్చిన లోటు లేదు.

మరోపక్క, పెద్ద ఆస్తుల మీద నేరుగా పడే పన్నులు ఒక్కొక్కటే పోయాయి. మరణానంతర ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లో, పాత గిఫ్ట్ ట్యాక్స్ 1998లో, సంపద పన్ను 2015 బడ్జెట్‌తో రద్దయ్యాయి. అవిభక్త కుటుంబం మాత్రం చెక్కుచెదరలేదు. ఇది రాబడికి గండి కొడుతోందని, మనోభావాల పేరు చెప్పి దీన్ని సమర్థించడం తగదని లా కమిషన్ 2018లోనే తన సంప్రదింపు పత్రంలో రాసింది. అయినా 1961 చట్టం స్థానంలో తెచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టంలోనూ అది యథాతథంగా ఉంది. ఉమ్మడి పౌరస్మృతి గురించి అంత పట్టుదలగా మాట్లాడే పాలకులు ఈ ఒక్క చోట మౌనంగా ఉండటం నాకు బాధ కలిగిస్తుంది.

రద్దు చేస్తే మధ్యతరగతి నష్టపోతుందన్న వాదన ఒకప్పుడు కొంత నిలిచేది. ఇప్పుడు కొత్త విధానంలో 12 లక్షల దాకా సాధారణ ఆదాయం ఉన్న వ్యక్తికి రిబేటు వల్ల పన్నే లేదు. ఆ రిబేటు హెచ్‌యూఎఫ్‌కు వర్తించదు. కాబట్టి దీనివల్ల ఇప్పుడు లాభపడేది ఆ గీతకు పైనున్నవాళ్లే. సొంత ఆస్తిని కుటుంబం ఖాతాలోకి మళ్లిస్తే ఆ ఆదాయాన్ని తిరిగి ఆ వ్యక్తికే కలిపే నిబంధన ఉందన్నదీ నిజమే. కానీ వీలునామాతో తరం దాటి వచ్చిన ఆస్తిని అది తాకదు. వారసత్వ సంపద చేరేదే ఆ దారిన.

మార్గం కష్టమైనది కాదు. ఒక తేదీ పెట్టి, ఆ రోజుతో ప్రతి అవిభక్త కుటుంబం ఆస్తీ సభ్యుల మధ్య వాటాలుగా విడిపోయినట్టు భావించాలి. కేరళ చేసిందీ అదే. పంపకాన్ని చట్టం ఇప్పటికే బదిలీగా చూడదు కనుక, మూలధన లాభాల పన్ను బెడద ఉండదు. తల్లికీ కూతురికీ వారి వాటా ఆదాయం వారి పాన్ మీదకే వస్తుంది. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. ఆదాయపు పన్ను కేంద్రం పరిధిలోనిదే కాబట్టి రాష్ట్రాల సమ్మతితోనూ పని లేదు. ‘వ్యక్తి’ నిర్వచనం నుంచి ఆ మూడు మాటలు తీసేసి, పాత కుటుంబాలకు పరివర్తన గడువు ఇస్తూ వచ్చే ఫైనాన్స్ బిల్లులో ఒక సవరణ పెడితే చాలు.