పళ్ళు కలవడం లేదురా!

2002 మేలో ఆంటిగ్వా టెస్టు చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. డిల్లాన్ బంతి తగిలి దవడ విరిగినా, అనిల్ కుంబ్లే తలచుట్టూ కట్టుతో వచ్చి 14 ఓవర్లు వేశాడు, లారాను ఎల్బీడబ్ల్యూ చేశాడు. ఆ వెంటనే ఆపరేషన్ కోసం బెంగుళూరు బయల్దేరాడన్నది మాత్రం మనకు అంతగా గుర్తుండదు.

మా మిత్రుడి నాన్నగారు విజిట్ వీసా మీద వచ్చారు. ఓ శుక్రవారం అందరూ ఫుజైరా బయల్దేరారు. "వెనకున్నవాళ్ళకి బెల్టెందుకురా?" అన్నారట పెద్దాయన. దారిలో ముందు కారు హఠాత్తుగా ఆగింది, వీళ్ళది దాన్ని గుద్దింది, ఆయన గడ్డం వెళ్ళి ముందు సీటుకు కొట్టుకుంది. పోలీసు రిపోర్టు తీసుకున్నారు, కారు గ్యారేజీకి వెళ్ళింది. మనిషి మాత్రం ఇంటికొచ్చి ఐసు పెట్టుకుని పడుకున్నారు. పొద్దున ఇడ్లీ నమలబోయి, "పళ్ళు సరిగ్గా కలవడం లేదురా" అన్నారు.

దవడ విరిగిందనడానికి అదే పెద్ద గుర్తు. సీటీ స్కాన్‌లో రెండుచోట్ల పగులు కనిపించింది. దవడ గుర్రపునాడాలా ఉంటుంది కనుక గడ్డానికి తగిలిన దెబ్బకు చెవి దగ్గర కూడా విరగవచ్చట.

ముఖంలో ఎక్కువగా విరిగేది ముక్కు. అది వంకరపోతే వాపు తగ్గగానే, రెండు వారాలు దాటకుండా సరిచేయించుకోవాలి. లేకపోతే అలాగే అతుక్కుంటుంది. కన్ను కింద ఎముక మరీ పల్చన. అది విరిగితే ఒకటి రెండుగా కనిపిస్తుంది, బుగ్గ మొద్దుబారుతుంది. దెబ్బ తగిలాక ముక్కులోంచి నీళ్ళలా కారితే జలుబనుకోకండి, అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. ముక్కు చీదకుండా వెంటనే 998కి ఫోన్ చెయ్యాలి.

ఎముక పక్కకు జరగకపోతే చాలాసార్లు మెత్తని తిండితో సరిపోతుంది. జరిగితే టైటానియం ప్లేట్లు, స్క్రూలు వేస్తారు. దవడకైతే తరచు నోటి లోపలినుంచే కోస్తారు కాబట్టి బయటికి మచ్చ కనపడదు. కొందరికి పైపళ్ళను, కిందిపళ్ళను తీగతో కలిపి కొన్ని వారాలు బిగించి ఉంచుతారు.

పెద్దాయనకు ప్లేట్లే వేశారు. ఆరు వారాలు గంజి, మిక్సీ పట్టిన పెరుగన్నం. ఆవకాయ జాడీ ఎదురుగా ఉండి తినలేకపోవడమే ఆపరేషన్‌కన్నా బాధగా ఉందనేవారు.

ఇక్కడ 2017 జులై నుంచి వెనక సీట్లోనూ బెల్టు తప్పనిసరి, పెట్టుకోకపోతే 400 దిర్హాముల జరిమానా. మావాడికి ఆసుపత్రి బిల్లు దానికి ఎన్నో రెట్లయింది. అమ్మానాన్నలకు టికెట్లు కొనేటప్పుడు, ఇన్సూరెన్స్‌లో ప్రమాదాలకు ఎంతవరకు ఇస్తారో ఆ చిన్నక్షరాలు కూడా ఒకసారి చదవండి.