ఫార్వర్డ్ నొక్కే ముందు ముద్ర ఎవరిదో చూద్దాం



గట్టి వాన పడిన రాత్రి మన క్లాస్ గ్రూపుల్లోకి ఒక ఫొటో వస్తుంది. స్కూలు లోగో, ప్రిన్సిపల్ సంతకం, ‘రేపు సెలవు’. అరగంటలో పద్మారావు నగర్ అంతా తిరుగుతుంది. తీరా చూస్తే అది నిరుటి సర్క్యులర్. ఎవరో తేదీ మార్చారు. నమ్మినవాళ్ల పిల్లలకు యూనిట్ టెస్ట్ పోతుంది.

ఇక్కడ పోయేది ఒక టెస్టే. 2018లో ప్రాణాలే పోయాయి. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్ల మధ్య, ఆ మే నెలలో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని గుంపు కొట్టి చంపింది. జూలైలో బీదర్ జిల్లాలో మన హైదరాబాద్ యువ ఇంజినీరు ఒకరు అలాగే బలయ్యారు. అప్పట్లో దేశమంతా తిరిగిన ‘కిడ్నాప్’ వీడియో నిజానికి కరాచీలో తీసిన అవగాహన చిత్రం. చివర్లో బాబును తిరిగి దింపేసి వెళ్తారు. ఆ ముక్కను ఎవరో కత్తిరించారు.

ఆ జూలైలోనే వాట్సాప్ ‘ఫార్వర్డెడ్’ అని చూపించడం మొదలుపెట్టింది. అది చేతులు మారిందని చెబుతుంది కానీ, మొదట ఎవరు పంపారో, మధ్యలో ఏం మార్చారో చెప్పదు.

ఆ పని చేయగలిగేవి వాటర్‌మార్క్, డిజిటల్ సంతకం. ఐదు వందల నోటును వెలుతురుకు పెడితే గాంధీగారి బొమ్మ కనిపిస్తుంది కదా, అలాగే కంటికి కనిపించని గుర్తును ఫొటోలోనే కలిపేయవచ్చు. ఏఐ బొమ్మలకు గూగుల్ వాడే ‘సింథ్‌ఐడీ’ అలాంటిదే. డిజిటల్ సంతకం ఉన్న పత్రంలో ఒక్క అక్షరం మార్చినా తనిఖీలో దొరికిపోతుంది. ఆధార్ క్యూఆర్ కోడ్‌లో ఉన్నది అదే.

వీటికీ హద్దులున్నాయి. స్క్రీన్‌షాట్ తీస్తే సంతకం ఫొటోతో పాటు రాదు. ముద్ర లేనంత మాత్రాన అబద్ధమనీ కాదు, ఉన్నంత మాత్రాన అందులోని మాట నిజమనీ కాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రమే తెలుస్తుంది. మనకు ముందు కావలసిందీ అదే.

అందుకే నాది ఒక సూచన. స్కూలు పంపే ప్రతి సర్క్యులర్ మీదా క్యూఆర్ కోడ్ ఉండాలి. స్కాన్ చేస్తే అదే సర్క్యులర్ స్కూలు సొంత వెబ్‌సైట్‌లో తెరుచుకోవాలి. కోడ్‌నూ అతికించేవాళ్లుంటారు కాబట్టి, తెరుచుకున్న అడ్రస్ స్కూలుదేనా అన్నది మనం చూసుకోవాలి.

ఖర్చు పెద్దగా లేని పని ఇది. ఫీజు రసీదు అసలుదో కాదో చూసుకునే మనం, పిల్లల భద్రత పేరుతో వచ్చే మెసేజ్‌ను చూడకుండా ఎలా పంపుతాం? ఈ నెల నుంచి ఇంట్లో ఒక అలవాటు చేద్దాం. ఏ ఫార్వర్డ్ వచ్చినా ‘ఇది మొదట ఎవరు పంపారు?’ అని పిల్లల ముందే అడుగుదాం. జవాబు దొరక్కపోతే మన దగ్గరే ఆపేద్దాం. రేపు వాళ్ల చేతికి ఫోన్ వచ్చినప్పుడు వాళ్లూ అదే అడుగుతారు.