చంపనక్కర్లేదు, మేత లేకుండా చేస్తే చాలు

మా పత్తి చేలలో సీతాకోకచిలుకలు తగ్గాయని మేం అంటే చదువుకున్నవాళ్లు ఒక్క మాటతో నోరు మూయిస్తారు: 'బీటీ విషం కాయతొలిచే పురుగును తప్ప దేన్నీ ఏమీ చేయదు, పరీక్షలు చేశారు.' సరే, ఆ పరీక్షలు ఏం అడిగాయో, ఏం అడగలేదో చూద్దాం.

బీటీ మట్టిలో ఉండే ఒక బాక్టీరియా. దాని జన్యువు పెట్టిన పత్తికి 2002 మార్చిలో కేంద్రం అనుమతిచ్చింది. ఆ ఆకు, కాయ తిన్న గొంగళిపురుగు పేగు దెబ్బతిని చస్తుంది. సీతాకోకచిలుకలు, చిమ్మటలు ఒకే వంశం. మనం మద్దిచెట్టు మీద పెంచే దసలి పట్టుపురుగుదీ ఆ వంశమే. అయితే దసలి పత్తి ఆకు తినదు. పత్తి పుప్పొడి బరువు, జిగట, గాలికి దూరం పోదు. కాబట్టి పత్తి పుప్పొడితో దసలి చస్తోందని మేం అనం. అబద్ధమాడి గెలవాల్సిన గతి మనకు పట్టలేదు.

అమెరికాలో ఏం జరిగిందో వినండి. 1999లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు బీటీ మొక్కజొన్న పుప్పొడి చల్లిన ఆకులను మోనార్క్ సీతాకోకచిలుక గొంగళ్లకు పెట్టారు. నాలుగు రోజుల్లో సగానికి కాస్త తక్కువ చచ్చాయి. పెద్ద గొడవైంది. 2001లో పొలాల్లోకి దిగి చూసినవాళ్లు, ఎక్కువ రకాల్లో పుప్పొడి ప్రమాదం చాలా తక్కువని తేల్చారు. కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి. అవే ఏళ్లలో గడ్డిమందుకు చావని మొక్కజొన్న, సోయా అక్కడి మధ్య రాష్ట్రాలంతా పరుచుకున్నాయి. మోనార్క్ గొంగళి తినేది పాలు కారే ఒక జాతి మొక్కలనే. సాళ్ల మధ్య మొలిచే ఆ మొక్కలను గ్లైఫోసేట్ తుడిచేసింది. 1999, 2010 మధ్య ఆ ప్రాంతంలో అవి సగానికి పైగా పోయాయని లెక్క కట్టారు. మోనార్క్ తగ్గడానికి అడవుల నరికివేత, వాతావరణం కూడా కారణాలే, కాదనం. కానీ పుప్పొడి మీద అంత గొడవ పడినవాళ్లు మేత సంగతి చాలా ఆలస్యంగా చూశారు.

ఆ మొక్కకు మన జిల్లేడు చుట్టమే. మోనార్క్‌కు దగ్గరి చుట్టమైన సీతాకోకచిలుక మన జిల్లేడు మీదే గుడ్లు పెడుతుంది: నారింజ రెక్కలు, నల్లంచు, తెల్లచుక్కలు. బడి వెనక జిల్లేడు ఆకు తిప్పి చూస్తే చారల గొంగళి కనిపిస్తుంది.

ఇప్పుడు మన పల్లెల్లోకి గడ్డిమందు పత్తి వస్తోంది. బీజీ-3 అంటారు. దానికి అనుమతి లేదు. అయినా ఏటా వానాకాలం ముందు దొంగచాటుగా దిగుతుంది. 'పటేలా, ఇది పెట్టు, కలుపు కూలి బాధ తప్పుతది' అంటాడు అమ్మేవాడు. అది నిజమే, అందుకే కొంటున్నాం. ఆడవాళ్ల నడుము నొప్పి తెలియకుండా మాట్లాడే పర్యావరణం మాకూ వద్దు. కానీ వాడు కలుపు అన్నది ఏమిటి? గునుగు, తుమ్మి, పొన్నగంటి, గలిజేరు, గంగవాయిలి. అందులో సగం మన ఇంటి కూర. తుమ్మిపూలు, గునుగుపూలు సీతాకోకచిలుకలకు, తేనెటీగలకు తిండి. చేనులో, గట్టు మీద మందు పడితే కూరాకు పోతుంది, పూలు పోతాయి, జిల్లేడు మొలకలూ మాడతాయి.

ఇక పురుగుమందు. బీటీ వచ్చిన కొత్తలో కాయపురుగు మందులు తగ్గాయి, ఆ మేలు పురుగులకూ జరిగింది. తర్వాత పచ్చదోమ, తెల్లదోమ, తామరపురుగు పెరిగాయి. గులాబీరంగు పురుగు బీజీ-2 విషాన్నీ తట్టుకుంది. 2018 నాటికి మన దేశపు పత్తి రైతు మందులకు పెట్టే ఖర్చు బీటీకి ముందుకంటే ఎక్కువైంది. ఆ మందు వంశం కూడా చూడదు. పత్తి చేను పక్కన మద్దిచెట్లున్న చోట దసలి పురుగు ఎలా బతుకుతుందో, మహదేవపూర్, చెన్నూర్ అడవుల్లో పట్టుగూళ్లు తీసేవాళ్లను అడగాలి. వాళ్లను ఏ కమిటీ పిలిచి కూర్చోబెట్టింది?

గడ్డిమందు పత్తికి అనుమతి కావాలనేవాళ్లను మేం అడిగేది ఇదే. విషం పెట్టి పురుగు చస్తుందా అని గాజు పెట్టెలో చూశారు. మందు కొట్టిన చేనులో మూడు వానాకాలాల తర్వాత ఏ మొక్క మిగిలింది, ఏ గొంగళి మిగిలింది, ఏ కూర మిగిలింది అని మా గట్ల మీద ఎప్పుడు చూస్తారు? వచ్చే వానాకాలానికి మా పిల్లలు, పంతుళ్లు ఆ లెక్క రాయగలరు: గడ్డిమందు పడిన చేను ఒకటి, కొడవలితో కలుపు తీసిన చేను ఒకటి, వారానికో రోజు. నోటుపుస్తకం, పెన్సిలు చాలు.