34 ఆపరేషన్లు ఎవరి లెక్క?

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒక్క క్యాంపులోనే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. మిగిలిన వాళ్లను నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. దీన్ని మనసులో పెట్టుకొని ఇవాళ్టి భాగం చదవండి.

ఈ మధ్య మేధావులు ‘సమీకృత వైద్యం’ అంటున్నారు. చందా కట్టించుకునేది, డిస్పెన్సరీ నడిపేది, పెద్దాసుపత్రి నడిపేది, మందులిచ్చేది అన్నీ ఒకే సంస్థ. అమెరికాలో కైజర్ పర్మనెంటే దీనికి పేరు మోసింది. అందులో బలముంది, కాదనను. జబ్బు ముదిరితే ఖర్చు సంస్థదే కాబట్టి బీపీ, షుగరు ముందే పట్టుకోవాలని చూస్తుంది. అక్కర్లేని కోత కోస్తే దానికి లాభం లేదు. మన ఆరోగ్యశ్రీ దీనికి తలకిందులు. 2007 నుంచి ఒక్కో చికిత్సకు ఒక్కో ప్యాకేజీ లెక్కన ఆసుపత్రులకు డబ్బు పోతోంది. 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలైంది. మనిషి ఆసుపత్రి దాకా రాకుండా చూసే పని మాత్రం ఆ పథకానికి లేదు.

ఒకే గొడుగు నమూనా కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు, మనకు ఈఎస్ఐ ఉంది. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడే, 1944లో, అదార్కర్ నివేదిక వచ్చింది. 1948లో చట్టమైంది. జీతంలోంచి కార్మికుడిది 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. డిస్పెన్సరీ నుంచి సనత్‌నగర్ ఆసుపత్రి దాకా ఒకటే కార్డు, జబ్బు సెలవుకు పైసలు కూడా. కానీ ఆ గొడుగు కింద పొలం కూలీ లేదు, అడ్డా కూలీ లేదు, ఇళ్లల్లో పాచిపని చేసే అక్క లేదు. ఉన్నవాళ్ల మందుల్లోనూ దోపిడే. 2019లో మందుల కొనుగోలు కుంభకోణంలో ఏసీబీ ఏకంగా తెలంగాణ బీమా వైద్య సేవల డైరెక్టర్‌నే అరెస్టు చేసింది.

అసలు మాటకొస్తా. ఇబ్రహీంపట్నంలో ఉన్నదీ ఒకే గొడుగే కదా! ఆశా వర్కరు, ఏఎన్ఎం, పీహెచ్‌సీ, క్యాంపు, సర్జను, అందరూ ఒకే శాఖ. ఇంటి గడప నుంచి ఆపరేషన్ బల్ల దాకా గొలుసు బ్రహ్మాండంగా పనిచేసింది. బల్ల దిగి ఇంటికి పోయినంక? రాత్రి జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి, బండి ఎవరు పంపాలి?

2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఇట్లాంటి క్యాంపే పదిమందికి పైగా ఆడవాళ్లను మింగింది. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ క్యాంపులను మూడేండ్లలో ఆపించమంది. ఆ గడువు 2019లోనే తీరింది. మన ఆడవాళ్లు బల్ల ఎక్కింది 2022లో. మగవాళ్ల ఆపరేషన్ ఇంతకంటే తేలిక, కడుపులోకి పోయే పనే లేదు. అయినా వరుసలో నిలబడేది ఆడవాళ్లే. మగవాళ్లం దీని మీద నోరెత్తం.

అందుకే సమీకృతం అనే అయ్యలను అడుగుతున్నా. మీ రిజిస్టర్‌లో రాసేది ఎన్ని ఆపరేషన్లయినయనా, వారం తర్వాత ఎంతమంది లేచి కూలికి పోగలిగారనా? ఆ రిజిస్టర్ చూసే కమిటీలో మా వాడకట్టు ఆడవాళ్లకు కుర్చీ వేస్తారా?

కాంట్రాక్టు సఫాయి కార్మికులకు ఈఎస్ఐ ఎందుకు అందదో వచ్చే భాగంలో రాస్తా. జై భీమ్.