టికెట్ పోయినా హక్కు పోదు!

సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలొచ్చింది. రైలెక్కేవాళ్లు తెలుసుకోవాల్సిన చట్టం ఒకటుంది. టికెట్ కొన్న ప్రయాణికుడు ప్రమాదవశాత్తు రైల్లోంచి జారిపడితే, రైల్వే తప్పుందని నిరూపించక్కర్లేదు. మరణిస్తే 8 లక్షల రూపాయలు, గాయపడితే తీవ్రతను బట్టి పరిహారం ఇవ్వాలి. ఆత్మహత్యాయత్నం, తాగిన మత్తులాంటివి మాత్రం మినహాయింపు. ఏడాదిలోపు రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో దరఖాస్తు చేయాలి.

ఒంటిమీద టికెట్ దొరకలేదంటూ ట్రైబ్యునల్ కేసు కొట్టేసిందా? అంతటితో అయిపోయిందనుకోకండి. తీర్పిచ్చిన 90 రోజుల్లోపు హైకోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. టికెట్ దొరకనంత మాత్రాన ప్రయాణికుడు కాదనలేమని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బాధితుల తరఫువాళ్లు వివరాలతో అఫిడవిట్ వేస్తే, కాదని నిరూపించే బాధ్యత రైల్వేదే. అందుకే తీర్పు నకలు, పోలీసుల పంచనామా, ఆసుపత్రి కాగితాలు భద్రంగా దాచుకోండి. గడువు దాటకముందే లాయరును కలవండి.