ఇల్లా? లెక్కయా?

బీదవానికి గూడు కల్పించుట ప్రభుత్వధర్మమని మన దేశ మంగీకరించి డెబ్బదియేండ్లు దాటినది. ఆ ధర్మమును మేము కాదనుట లేదు. కాని అది యిండ్లను లెక్కించుట నేర్చినంతగా ఇంటివారి నడుగుట నేర్వలేదనియే మా యభియోగము. ఇందుకు అనంతపుర సీమయే చాలిన సాక్ష్యము.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952లో నారంభమైన గృహపథకము కర్మాగారముల కూలీలకొఱకు. పల్లెల వంతు 1957లో వచ్చినది, అదియు నప్పురూపమున. తీర్పగలవానికే గదా అప్పు పుట్టునది! 1980 నాటికి దేశమంతట ఆ పథకమువలన లేచిన యిండ్లు 67,000 మాత్రమే. 1979లో ఆంధ్రప్రదేశ గృహనిర్మాణ సంస్థ వెలసెను. 1985-86లో ఇందిరా ఆవాస యోజన, 2016లో ప్రధానమంత్రి ఆవాస యోజన వచ్చినవి. అప్పు పోయి సాయము వచ్చుట నిస్సందేహముగా మేలు.

పూర్వపు మట్టిమిద్దెలే మేలని కొందఱందురు. దూలములపై దంతెలు పేర్చి, మట్టి పఱచి, వానలకు ముందు చవుడు చల్లిన మిద్దె, మందపు గోడలతో మండు వేసవిలోను చల్లగా నుండుట నిజమే. కాని యట్టి మిద్దె యెవరిది? భూమి గలవానిది. కూలివాడు ఊరిబయట బోదకొట్టములో నుండెను. ఒక నిప్పురవ్వ చాలును, వాని సంసారము బూడిద యగుటకు. ఆ కాలమును తిరిగి తెమ్మని మే మనుట లేదు.

మే మడుగునది వేఱు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు ఈ పీఠభూమిలో గోదావరి డెల్టాకు గీసిన పటమునే యేల పెట్టవలెను? సిమెంటు గోడయు కప్పును దినములతరబడి నీరు త్రాగినగాని గట్టిపడవు. త్రాగునీటికే ట్యాంకరుకై యెదురుచూచు పల్లెలో ఆ నీరు మోయున దెవరు? గృహిణియే. అంత శ్రమపడి లేపిన పలుచని స్లాబుక్రింద వేసవి మధ్యాహ్నము నిలువలేక చెట్టునీడకు బోవునదియు నామెయే.

ఇంటి పటము, పరిమాణము లబ్ధిదారుని యిష్టమును, స్థలపరిస్థితిని బట్టి యుండవలెనని ఇందిరా ఆవాస యోజన నియమములే చెప్పినవి. వ్రాసిన మాట కాగితముననే నిలిచినది. 2020 డిసెంబరులో మన రాష్ట్రమున పల్లెలలో కుటుంబమునకు సెంటున్నర చొప్పున పట్టాలిచ్చిరి. అనగా సుమారు 72 చదరపు గజములు! మేకల నెక్కడ గట్టవలెను? వేరుసెనగ కట్టె నెక్కడ వామివేయవలెను? పట్టాలు స్త్రీలపేర నిచ్చుట ప్రశంసనీయమే. కాని పట్టాలో గృహిణి పేరు చేరినదిగాని, పటములో నామె మాట చేరలేదు. 2025లో ప్రభుత్వము పల్లెకు మూడు సెంట్లని నిర్ణయించినది, సంతోషమే. అంతకుముందే పునాదులు పడిన వీధు లిక వెడల్పగునా?

ఆ పథకమున మూడు మార్గములు చూపిరి. సామగ్రిని ప్రభుత్వమునుండి పుచ్చుకొని కట్టుకొనుట యొకటి. సొమ్ము పుచ్చుకొని కట్టుకొనుట రెండవది. ప్రభుత్వమే కట్టించి యిచ్చుట మూడవది. కరవు తఱిమిన కూలివాడు బెంగుళూరులో పరుల మేడలకు ఇటుకలు మోయుచుండును. వానికి మూడవది తప్ప దిక్కేమి? పరుల యిండ్లు గట్టు చేతులవాడే తన యింటి గోడ యేతీరున లేచినదో చూడకుండ తాళపుచెవి యందుకొనవలసి వచ్చినది. వాడు తిరిగి వచ్చి బ్రదుకుటకు ఆ యూర నీరును పనియు లేనిచో, ఆ తాళము తెఱచువా రెవరు? లెక్కలో మాత్ర మది పూర్తియైన యిల్లే!

కావున మా కోరికలు మూడు. పునాదికి ముందు నీటి వసతి చూపవలెను. గోడకు, కప్పుకు ఆయా ప్రాంతమున దొరకు రాయి, బండ, మట్టి వాడు స్వేచ్ఛ నొసగి, వానిని దిట్టముగా గట్టు విధానము తాపీపనివారికి నేర్పవలెను. పటము ఖాయముచేయుటకు ముందు గృహిణి సమ్మతి పుచ్చుకొనవలెను.

చదువరులారా! మీ గ్రామసభలో లబ్ధిదారుల పట్టిక చదువునాడు ఊరకుండకుడు. పేర్లు విని తృప్తిపడక, పటము కూడ చూపుమని యడుగుడు. చదువురాని సోదరికి దానిని విప్పి చెప్పి, ఆమె యభ్యంతరమును వ్రాయించుడు. చదువుకొన్నందుకు మనము చేయదగిన సేవ యిది.