కప్పుపై వెలుగు, తలపై అప్పు

వేసవిలో కరెంటు బిల్లు చేతికి వచ్చిన ప్రతిసారీ మన ఇళ్ళలో సోలార్ ఫలకాల ప్రస్తావన వస్తోంది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ‘పీఎం సూర్యఘర్’ పథకాన్ని ప్రారంభించాక ఈ ఆసక్తి మరింత పెరిగింది. రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడవ కిలోవాటుకు 18,000 రూపాయలు, గరిష్ఠంగా 78,000 రూపాయల సబ్సిడీ లభిస్తుంది. మిగిలిన సొమ్ముకు పూచీకత్తు లేకుండానే బ్యాంకులు రుణమిస్తున్నాయి.

ఈ సదుపాయాన్ని అంటిపెట్టుకుని ఒక ప్రలోభం కూడా వస్తోంది. మాకు తెలిసిన ఒక ఇంట్లో మూడు కిలోవాట్ల ఫలకాల కోసం రుణ ప్రయత్నం జరిగింది. వంటగదికి టైల్స్, హాలుకు ఫాల్స్ సీలింగ్ వేయించాలన్న కోరిక ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఉంది. ఫలకాలు బిగించే మనిషి అది గ్రహించి, “బిల్లు కొంత పెంచి రాస్తాను, పైసొమ్ము మీకు తిరిగి ఇచ్చేస్తాను” అన్నాడు. “తీర్చేది మనమే కదా, తప్పేముంది?” అని అందరూ సంబరపడ్డారు. దాదీమా ఒక్కరే, “బేటా, ఆ బిల్లు కింద సంతకం నీదే కదా?” అని అడిగారు. ఆ ప్రయత్నం అక్కడితో ఆగింది.

ఆమె అడిగింది అమానతు గురించి. దివ్యఖుర్‌ఆన్‌లోని అతి దీర్ఘమైన వాక్యం బఖరా సూరాలోని 282వది. అది అప్పును న్యాయంగా, ఉన్నది ఉన్నట్లుగా రాసుకోవడం గురించినది. ఒక పేరుతో అప్పు తీసుకుని మరొక పనికి మళ్ళించడానికి దొంగ బిల్లు పుట్టించడం ఆ ఆదేశానికి పూర్తిగా విరుద్ధం.

లెక్క చూసినా ఇది నష్టమే. మూడు కిలోవాట్లకు రెండు లక్షలు అయ్యాయనుకుందాం. సబ్సిడీ పోగా మిగిలేది 1,22,000. బిల్లులో నెలకు 1,500 ఆదా అయితే ఏడేళ్ళలోపు ఆ సొమ్ము తిరిగి వస్తుంది. ఇంటి పనులకని మరో లక్షన్నర కలిపితే భారం 2,72,000 అవుతుంది. అదే ఆదాతో తీరడానికి పదిహేనేళ్ళు పడుతుంది. ఫలకం తన అప్పును తానే తీర్చుకోగలదు, టైల్స్‌కు ఆ శక్తి లేదు. పైగా సబ్సిడీ ముందుగా రాదు. ఫలకాలు బిగించి, నెట్‌మీటరు పెట్టి, తనిఖీ పూర్తయిన తరువాతే ఖాతాలో పడుతుంది. రాని సొమ్మును ముందే ఖర్చులో రాసుకోరాదు.

అన్నిటికంటే పెద్ద మాట వడ్డీ. తక్కువ వడ్డీ అయినా వడ్డీయే. మన ముందు వేరే దారులు లేకపోలేదు. బంధువుల నుంచి ఖర్జె హసనా అడగవచ్చు. వడ్డీ లేని సహకార సంఘం దగ్గరలో ఉంటే విచారించవచ్చు. అమ్మకందారుతో వాయిదాల ధర మాట్లాడుకోవచ్చు. ధర మొదటే స్థిరపడి, ఆలస్యమైతే పెరగని షరతు ఉండాలి. ఒప్పందాన్ని ఒకసారి ఉలమాకు చూపించుకోవడం మంచిది. ఇవేవీ కుదరకపోతే ఒక కిలోవాటుతోనే మొదలుపెట్టవచ్చు. అది రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది.

ఇంటి పనులలో ఫలకాలకంటే ముందు జరగవలసినవి రెండున్నాయి: కారే స్లాబుకు మరమ్మతు, పాత వైరింగుకు, ఎర్తింగుకు తనిఖీ. పాతికేళ్ళు ఉండవలసిన ఫలకాలను బిగించాక స్లాబు కారితే వాటిని విప్పి మళ్ళీ బిగించే ఖర్చు మీద పడుతుంది. ఈ పనులను సొంత పొదుపుతో ముందే ముగించుకుందాం. టైల్స్, సీలింగ్ సంగతి తరువాత చూద్దాం. అప్పు తీరిన నెల నుంచి బిల్లులో మిగిలే ఆ 1,500 రూపాయలనే వాటికోసం పక్కన పెడదాం.

దైవప్రవక్త (స) నమాజులో అప్పుల భారం నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు. మన ఇళ్ళ కప్పులపై వెలుగు రావాలి, ఆ కప్పుల కింద నిద్ర ప్రశాంతంగా ఉండాలి. అల్లాహ్ మనందరికీ అటువంటి ఇళ్ళను ప్రసాదించుగాక! ఆమీన్.